తాడుబండ పాపమ్మ వెలసిన కథ

నల్లమల కొండలు తూర్పుకు దిగే వరుసలో తాడుబండ అనే క్షేత్రం ఉన్నది. బస్సు దిగిన చోటి నుండి ఎర్రమట్టి దారిన నడవాలి. ఆ దారికి కుడిచేతి వైపు రాగిగని, దాని లారీలు కనబడతాయి. ఎడమచేతి వైపు, కొండ వాలు మీద, తోకలవారి పెంట, అంటే ఆ ఇంటిపేరుగల చెంచుల గూడెం, ఉన్నది. రెండింటి నడుమ నుండి కొండ ఎక్కాలి. పైన గోపురం లేదు, గర్భగుడి లేదు. లోయ మీదికి తల వంచిన నల్లబండ ఒకటి ఉన్నది. ఆ బండ అంచున తాడు ఒరుసుకొని పడినట్లుండే లోతైన గాడి ఉన్నది. గాడికి పసుపు, కుంకుమ, తేనె పూసి ఉంటాయి. అదే అమ్మవారి రూపం. ఆమెను భక్తులు పాపమ్మ తల్లి అంటారు.

మొదటిసారి వచ్చేవారికి ఇక్కడి ఆచారం వింతగా తోస్తుంది. కొండ పాదాన నిలబడి తన పేరు, ఊరు, వచ్చిన పని గట్టిగా చెప్పి, పైనుండి పెంటవారి పిలుపు వినబడిన తరువాతే అడుగు ముందుకు వేయాలి. ఎంత గొప్పవారికైనా ఇదే పద్ధతి. చైత్రమాసంలో జరిగే తేనె జాతరనాడు గని కంపెనీకి పెద్దగా ఉన్నవారు ఎవరైనా సరే, చెప్పులు విడిచి కొండ ఎక్కి, తేనె దించే చెంచు లోయలోకి దిగే తాడును తమ చేతులతో పట్టాలి. పట్టని యేడు గనిలో పలుగు లేవదు. ఈ ఆచారం ఎట్లా పుట్టిందో పెంట పెద్దలు చెప్పగా విన్నది విన్నట్లు ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గని లేదు. ఈ కొండను అప్పట్లో తేనెగట్టు అనేవారు. బండ కింద, మనిషి కాలు మోపే చోటు లేని నిలువు చరియకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుండేవి. చరియకు అవతల, రెండు బండల సందున, ఎండాకాలంలో కూడా ఇంకని దొన ఒకటి ఉండేది. దొన అంటే రాతిలో తనంతట తాను ఏర్పడిన నీటిగుంట. పెంటలోని మనుషులకూ, వారి కుక్కలకూ, చుట్టుపక్కల జింకలకూ అదే నీరు.

తేనె దించడంలో చెంచులకు ఒక కట్టడి ఉన్నది. అడ్డతీగ నారతో పేనిన తాడు నడుముకు కట్టుకొని ఒకడు చరియలోకి దిగుతాడు. పైన ఆ తాడును పట్టేవాడు దిగేవాని అన్నదమ్ముడు కాకూడదు, స్నేహితుడు కాకూడదు. అతని భార్య తోడబుట్టినవాడే కావాలి. తన అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమలు ఏ మగవాడూ చేజేతులా జారవిడువడని వారి నమ్మకం. అందుకే పెంటలో 'తాడు పట్టినవాడు పుట్టింటివాడు' అనే మాట ఉన్నది.

ఆ రోజుల్లో తోకలవారి పెంటలో బయ్యమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త గురవన్న తేనె దించడంలో దిట్ట. ఆమె తమ్ముడు ఈదన్న తాడు పట్టేవాడు. బయ్యమ్మ మాట తక్కువ మనిషి. కానీ పెంటలో తగవు పడితే పెద్దలు కూడా ఆమె ముఖం వైపు చూసేవారు. ఆమెకు సంతానం లేదు. తమ్మునికి ఎన్నో మొక్కుల తరువాత ఆడబిడ్డ పుట్టినప్పుడు, ఆ బిడ్డ తన కడుపున పుట్టినంతగా మురిసిపోయింది. పేరు పెట్టే హక్కు మేనత్తది. ఇప్పపూలు రాలే వేళకు వేడుక చేద్దామనుకున్నారు. పేరేమిటక్కా అని ఈదన్న ఎన్నిసార్లు అడిగినా, ఆ రోజు బిడ్డ చెవిలోనే మొదట చెబుతానని బయ్యమ్మ నవ్వి ఊరుకునేది. అందాకా అందరూ 'పాప' అనే పిలిచేవారు.

ఆ యేడే అవుబళశెట్టి కొండకు వచ్చాడు. ఆయన ఒక పెద్ద వర్తక కూటమికి నాయకుడు. రాజుగారికి రాగి కావలసి వచ్చింది. తేనెగట్టు మీద పచ్చని చారల రాళ్ళు ఉన్నాయని విని, తవ్వుకునే అనుమతి శెట్టి పుచ్చుకున్నాడు. పనివాళ్ళను, వారికి మేస్త్రిగా వీరోజు అనే కమ్మరిని వెంటబెట్టుకొని, తాను పల్లకీలో వచ్చాడు. శెట్టి దుర్మార్గుడు కాడు. పెంటలో మనుషులున్నారని విని బండెడు ఉప్పు, బట్టలు పంపించాడు. చెంచులు వాటిని అందుకొని, ఎవరో చుట్టపుచూపుగా వచ్చినవారు నాలుగు రోజులుండి పోతారనుకున్నారు. శెట్టి మాత్రం పెంట వైపు అడుగు పెట్టలేదు. రాజు ఇచ్చిన అనుమతి ఉన్నది, మర్యాదకు కానుక పంపాము, ఇక ఎవరితో మాట్లాడేది ఏమున్నదని ఆయన అనుకున్నాడు.

వీరోజు మనుషులు దొనకు ఎగువన బావిలాగా నిలువు గొయ్యి తవ్వారు. పైకి తీసిన రాయిని పగలగొట్టి, దొనలోకి పారే వాగు నీటిలో కడిగారు. కొద్ది వారాలకే దొన నీరు నెమలి మెడ రంగు తిరిగింది. నాలుక మీద వేసుకుంటే చేదు. మొదట పెంటలోని కుక్కలు వాంతులు చేసుకున్నాయి. తరువాత దొన గట్టున జింకపిల్ల పడి ఉన్నది. ఇదేమి రోగమోనని పెద్దలు అడవి దేవతలకు మొక్కుతున్నారు. అంతలో ఒక మిట్టమధ్యాహ్నం ఈదన్న భార్య, దాహానికి ఏడుస్తున్న బిడ్డ నోట్లో తడిగుడ్డ పిండింది. అది దొన నీరే. మరునాటికి పాప లేదు.

బయ్యమ్మ ఆ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నది. ఏడవలేదు. పూడ్చే ముందు బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. ఏమి చెప్పిందో ఎవరికీ వినబడలేదు. ఎవరూ అడగలేదు.

పెంటలోని మగవారు విల్లంబులు తీశారు. ఈదన్న అందరికంటే ముందు నిలబడ్డాడు. బయ్యమ్మ అతనికి అడ్డం వెళ్ళింది.

"బాణమేస్తే ఏమైతాదిరా? ఇయ్యాల శెట్టి సస్తాడు. రేపు రాజు బంట్లొస్తారు. మనల్ని కొండ దింపుతారు. అప్పుడు గట్టూ వాళ్ళదే, దొనా వాళ్ళదే."

"మరేం జెయ్యమంటావక్కా? బిడ్డను పూడ్చిపెట్టి, మూట గట్టుకోని ఇంకో కొండకు బోదామా?"

"పోం. ఈడనే ఉంటాం. ఉండి అడుగుతాం."

ఆమె ఒక్కతే నడిచి గొయ్యి దగ్గరకు వెళ్ళింది. గొయ్యి నోటికి అడ్డంగా ఒక దూలం ఉండేది. దాని మీదుగానే తాడు వేసి పనివాళ్ళను లోపలికి దించేవారు. బయ్యమ్మ వెళ్ళి ఆ దూలం మీద కూర్చున్నది. అడుగున పనిచేస్తున్న వాళ్ళు పైకి వచ్చేదాకా ఒదిగి దారి ఇచ్చింది. చివరివాడు ఎక్కి వచ్చిన తరువాత కాళ్ళు చాపుకొని కదలకుండా ఉండిపోయింది. దిగబోయినవాళ్ళు ఆడమనిషిని దాటి దిగలేక వెనక్కు తగ్గారు. ఒకడు కసిరాడు, ఒకడు బతిమాలాడు. చివరకు శెట్టికి కబురు వెళ్ళింది.

శెట్టి వచ్చి చూశాడు. ఎండలో నల్లని చెక్కడంలా కూర్చున్న ఆ మనిషిని చూసి, నౌకరు చేత మంచి కోక తెప్పించి ఆమె ముందు పెట్టించాడు.

"అమ్మా, నీకు ఏం కావాలో అడుగు. ఇప్పిస్తాను."

బయ్యమ్మ కోకను తాకలేదు.

"నేనడిగేది లేదు శెట్టీ. అడగవలసింది నువ్వు. అడక్కుండా తవ్వినావు."

"నేను రాజుగారిని అడిగే వచ్చాను. ఈ అడవి రాజుగారిది."

"రాజు ఈ దొనలో నీళ్ళు ఎప్పుడైనా తాగినాడా?"

ఆమె దొన వైపు చూపించింది. నెమలి మెడ రంగు నీటిని, గట్టున ఎండిన జింకపిల్లను చూపించింది. ఆ పక్కనే కొత్తగా పోసిన చిన్న మట్టికుప్పను చూపించింది. అదెవరిదని శెట్టి అడగలేదు. కొలత చూస్తేనే తెలిసింది. ముఖం వాడిపోయింది. అయినా ఆయన మీద రాజుకు ఇచ్చిన మాట ఉన్నది, వెంట వచ్చినవారి పొట్టలున్నాయి. ఆమె మీద ఎవరూ చెయ్యి వేయరాదని గట్టిగా చెప్పి, ఆమె లేచిపోయేదాకా కొండకు అవతలి వైపు నుండి దారి తొలవండని వీరోజుకు చెప్పి వెళ్ళిపోయాడు.

బయ్యమ్మ లేవలేదు. గురవన్న రోజూ గడ్డలు కాల్చి తెచ్చి పెట్టేవాడు. పొద్దుగూకిన తరువాత తాను దూలం పక్కన కూర్చొని ఆమెను కాసేపు పడుకోనిచ్చేవాడు. అవతలి నుండి పలుగుల చప్పుడు వినబడుతూనే ఉండేది. కూర్చుంటే ఆగేది కాదని ఆమెకు అర్థమవుతున్నది. అయితే ఆగడానికి ఏం చేయాలో తెలియడం లేదు.

ఒకనాడు ఎండ నెత్తికి ఎక్కిన వేళ ఆమెకు కన్ను మూతపడింది. కలలో తేనెగట్టు బండ మీద ఒక ఆడపిల్ల కూర్చొని ఉన్నది. మాటలు వచ్చిన వయసు. చేతుల నిండా తేనె. కాళ్ళు లోయలోకి వేలాడేసి ఊపుతున్నది. పడతావే అని బయ్యమ్మ అరవబోయేంతలో ఆ పిల్ల వెనక్కు తిరిగి నవ్వింది.

"అత్తా, మావకు తాడెవరు పడతారు?"

"మీ నాయన గదమ్మా."

"కాదత్తా. శెట్టి చేత పట్టించు."

బయ్యమ్మ మేలుకున్నది. ఆమెను అత్తా అని పిలవగలిగినది లోకంలో ఒక్కతే ఉండేది. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. తనివితీరా ఏడ్చి, ముఖం తుడుచుకొని, ఎన్నాళ్ళకో దూలం మీది నుండి లేచింది. నేరుగా శెట్టి డేరా దగ్గరకు నడిచింది. పందిరి బయటే ఆగి, "నేను తోకల బయ్యమ్మను. మాటుంది. రావచ్చునా?" అన్నది. శెట్టి తానే బయటికి వచ్చాడు.

"రేపు నా పెనిమిటి తేనెకు దిగుతాడు. తాడు నువ్వు పట్టాల."

"నేనా? ఎందుకు?"

"మా అందరి పానాలు మాకు చెప్పకుండా నీ చేతిలోకి తీసుకున్నావు. నీకు బరువు తెలీలేదు. ఒక్కటి తెలిసి పట్టుకో. పట్టినాక నువ్వేం జేసినా నేను గొయ్యి కాడ కూర్చోను."

శెట్టికి అడ్డు తొలగుతుందనే ఆశ కొంత, ఆ మట్టికుప్ప కంటి ముందు నుండి పోకపోవడం కొంత. సరేనన్నాడు.

పెంటలో ఈ మాట చెప్పగానే ఈదన్న అగ్గి అయ్యాడు. "నా బిడ్డను పొట్టన పెట్టుకున్నోని చేతిలో బావను పెడతావా? తాడు నాది. నా చేతిలోది గుంజి వానికిస్తావా?" అన్నాడు. బయ్యమ్మ కల సంగతి చెప్పింది. అది విని ఈదన్న భార్య ఒక్కసారి తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకున్నది. ఈదన్న అయినా ఒప్పుకోలేదు. బయ్యమ్మ భర్త వైపు తిరిగింది. దిగవలసినవాడు అతడు.

"ఏమంటావు మావా?"

గురవన్న తాడు పురులను వేళ్ళతో తడిమి చూసుకుంటున్నాడు. "నువ్వు ఊరక చెప్పవు. దిగుతా," అన్నాడు.

మరునాడు పెంటలోని వారందరూ, శెట్టి మనుషులందరూ బండ మీద చేరారు. పొగ పెట్టారు. గురవన్న నడుముకు తాడు కట్టుకొని, మొలలో కత్తి, వీపున సొరకాయ బుర్ర తగిలించుకొని, అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి శెట్టి కళ్ళలోకి చూశాడు. తరువాత దిగిపోయాడు. తాడు బిగిసింది. శెట్టి ఒళ్ళంతా ముందుకు ఊగింది.

ఆయన ధాన్యం బస్తాలు మోయించినవాడే కానీ మోసినవాడు కాడు. తాడు అరచేతులను కోస్తూ జారుతున్నది. దిగినవాడు కనబడడు, వాని బరువు మాత్రమే తెలుస్తుంది. కింద నుండి ఒకసారి లాగితే తాడు కొంచెం వదలాలి, రెండుసార్లు లాగితే ఆపాలి అని బయ్యమ్మ పక్కన నిలబడి చెబుతున్నది. పట్టు కోయగానే తేనెటీగలు లేచాయి. ముఖం మీద, మెడ మీద కుట్టాయి. తోలుకోవడానికి శెట్టికి చెయ్యి ఖాళీ లేదు. నౌకరు పరుగెత్తుకొని రాబోతే, బయ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. శెట్టి కూడా వద్దని తల ఊపాడు.

అప్పుడు బండ అంచున పెచ్చు ఒకటి విరిగింది. కింద గురవన్న పట్టుకున్న పట్టు తప్పి, ఊగి, చరియకు కొట్టుకున్నాడు. తాడు ఒక్క ఊపున జారింది. శెట్టి బోర్లా పడ్డాడు. రొమ్ము రాతికి రాసుకుంటూ అంచు వైపు ఈడ్చుకుపోతున్నాడు. తలపాగా ఊడి లోయలోకి పోయింది. వదిలితే తాను బతుకుతాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, చూస్తున్నవారందరికీ తెలుసు. శెట్టి వదల్లేదు. మోచేతులు రాతికి ఆనించి, కళ్ళు మూసుకొని, తాడును ఛాతీ కింద వేసుకొని నొక్కి పట్టాడు.

ఈదన్న ఆయన వెనుకనే ఉన్నాడు. చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. బయ్యమ్మ తమ్ముని చూసింది. భర్త తాడుకు వేలాడుతున్నాడు, అయినా ఆమె పట్టమని అనలేదు. ఆ మాట అతని నోట పుట్టాలి గానీ తన నోట కాదని ఆమె పళ్ళు బిగించుకొని నిలబడిందని పెద్దలు చెబుతారు. ఈదన్న ముఖం చెమటతో తడిసింది. చివరకు ముందుకు ఉరికి, శెట్టి రెండు కాళ్ళ నడుమ కూర్చొని, మడమలు బండకు తన్ని, తాడు పట్టాడు.

"లాగు," అన్నాడు.

ఇద్దరూ కలిసి లాగారు. తాడు బండ అంచున ఒరుసుకొంటూ ఒరుసుకొంటూ పైకి వచ్చింది. గురవన్న భుజం చీరుకొని పైకి వచ్చాడు. వీపున తేనె బుర్ర పగలలేదు.

శెట్టి అరచేతుల్లో తోలు లేదు. ముఖం వాచి కళ్ళు మూసుకుపోయాయి. బయ్యమ్మ తేనెపట్టులో మొదటి ముక్క బండ అంచున పెట్టింది. రెండవ ముక్క తాడు పట్టినవానికి ఇవ్వాలి. ఆమె దానిని ఆకులో పెట్టి శెట్టి ముందు ఉంచి, "తిను తమ్ముడా," అన్నది.

ఆ పిలుపు విని శెట్టి మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శెట్టి ఆకు ముట్టుకోలేదు. మట్టికుప్ప ఎవరి బిడ్డదో ఆయన పొద్దున బండ మీదే విని ఉన్నాడు. ఈదన్న వైపు తిరిగాడు.

"నీ బిడ్డ పేరేమిటి?"

"పేరు పెట్టలేదింకా," అన్నాడు ఈదన్న.

శెట్టి తల వంచుకున్నాడు. తరువాత బయ్యమ్మను చూసి, వచ్చిన నాటి నుండి అడగని మాట అప్పుడు అడిగాడు.

"అక్కా, ఈ కొండలో రాగి తవ్వుకోవచ్చునా?"

బయ్యమ్మ వెంటనే చెప్పలేదు. పెంట పెద్దల దగ్గరకు వెళ్ళింది. ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళింది. ఈదన్న భార్య దగ్గర కూర్చొని వచ్చింది. పొద్దు వాలిన తరువాత వచ్చి చెప్పింది.

"తమ్ముడివి గనక దాపరికం లేకుండా చెబుతున్నా. ఈడ వద్దు."

వీరోజు నిట్టూర్చాడు. పనివాళ్ళు గొణిగారు. శెట్టి లేచి నిలబడి, "గొయ్యి పూడ్చండి," అన్నాడు. రాయి పైకి తెచ్చిన తట్టలతోనే రాయి లోపలికి పోశారు. శెట్టి ఆ పని ముగిసేదాకా కొండ దిగలేదు. వాగులో కడిగిన రాతిపొడినంతా ఎత్తించి, దూరాన మెట్టలో పాతిపెట్టించాడు. దొన నీరు తేరేదాకా పెంటకు కింది ఊరి బావి నుండి కావళ్ళతో మంచినీళ్ళు మోయించాడు. మొదటి కావడి తానే మోశాడంటారు.

రాజుగారు ఊరుకోలేదు. రాగి ఏదని అడిగారు. ఒక చెంచుది వద్దన్నదని వచ్చావా అని సభలో నలుగురూ నవ్వారు. శెట్టి జరిగిన సంగతి జరిగినట్లు చెప్పి, "ఆమె ఒప్పుకుంటే తెస్తాను, ఒప్పుకోకపోతే నా వల్ల కాదు," అన్నాడు. రాజుగారు కోపించి ఆయన పల్లకీ మర్యాద తీసివేశారు. ఆ తరువాత శెట్టి తేనెగట్టుకు ఎన్నిసార్లు వచ్చినా నడిచే వచ్చాడు. కొండ పాదాన నిలబడి తన పేరు చెప్పి, పిలిస్తేనే ఎక్కేవాడు. కొన్నిసార్లు పిలుపు వచ్చేది కాదు. ముఖ్యంగా ఈదన్న పెంటలో ఉన్న రోజుల్లో. అప్పుడు శెట్టి కింద కాసేపు కూర్చొని, వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు.

వానలు కురిసి, వెలిసి, దొన మళ్ళీ తేటపడింది. జింకలు తిరిగి వచ్చాయి. ఆ చలికాలంలో ఒకనాడు శెట్టి కింద నిలబడి పేరు చెప్పగా, "రా" అని పిలిచినది ఈదన్న. శెట్టి పైకి వెళ్ళేసరికి పెంట పెద్దలందరూ కూర్చొని ఉన్నారు. వారు తమలో తాము మాట్లాడుకొని ఒక నిర్ణయానికి వచ్చారు. కొండకు ఉత్తరాన, నీళ్ళు దొన వైపు పారని చోట తవ్వుకోవచ్చునన్నారు. ఆ చోటు ఎక్కడో ఈదన్నా, వీరోజూ ముసురు పట్టిన రోజున కలిసి తిరిగి, నీరు ఎటు పారుతున్నదో చూసి హద్దు నిలిపారు. ఇద్దరి మధ్య ఆ తిరుగుడులో పెద్దగా మాటలు నడవలేదు. అయితే ఒకరి చద్ది ఒకరు తిన్నారు.

బయ్యమ్మ పెట్టిన కట్టుబాట్లు కొన్ని. రాయి కడిగిన నీరు వాగులో కలపరాదు. ఈగలు పట్టు పెట్టే కాలంలో పలుగు ముట్టరాదు. గనిలోకి దిగే మనుషుల తాడు పెంటవాళ్ళ చేతిలో ఉండాలి, చరియలోకి దిగే చెంచు తాడు గని పెద్ద చేతిలో ఉండాలి. ఒప్పుకున్నారు కదా అని ఒకసారితో సరిపోదు, ఏడాదికొకసారి వచ్చి మళ్ళీ అడగాలి. "ఏటేటా ఎందుకక్కా?" అని శెట్టి అడిగాడట. "తాడు ఏటేటా పాతబడదా?" అని ఆమె అన్నదట.

మరుసటి చైత్రంలో తేనెకు పోయినప్పుడు, శెట్టి పడిన చోట బండ అంచున లోతైన గాడి కనబడింది. ఉలి పెట్టి రోజుల తరబడి చెక్కినా పడని గాడి అది. అందులో తేనె ఊరి నిలిచి ఉన్నది. ఈదన్న భార్య అందరికంటే ముందుగా వెళ్ళి, ఆ గాడి పక్కన కూర్చొని, వేలితో తేనె తీసి నాలుకకు రాసుకొని, "పాపా," అని పిలిచింది. ఆ మాటే అమ్మవారికి పేరైంది. కొండకు తాడుబండ అనే పేరు వచ్చింది. బయ్యమ్మ బిడ్డ చెవిలో చెప్పిన పేరు ఏమిటో ఆమె బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అది మేనత్తకూ మేనకోడలికీ మధ్య మాట.

రాజులు పోయారు. శెట్టి కూటమి పోయింది. గని చాలాకాలం మూతపడి, మళ్ళీ తెరుచుకొని, ఎందరి చేతులో మారింది. కట్టుబాటు మాత్రం మారలేదు. కొత్తగా వచ్చిన కంపెనీ పెద్దలు మొదట దీనిని మూఢాచారమని అనుకోవడం, ఒకసారి తాడు పట్టిన తరువాత మారుమాట లేకుండా ఉండడం ఇక్కడ మామూలే. ఇప్పుడు నడుముకు కట్టేది బెల్టు, పట్టేది నైలాను తాడు. చేతులు మాత్రం మనుషులవే.

కొన్ని సంవత్సరాల క్రితం గనికి మేనేజరుగా ఒక ఆడ ఇంజనీరు వచ్చారు. కంపెనీ గనిని పడమటి వైపుకు పెంచాలనుకొని, అడవిలో కొలతరాళ్ళు కూడా పాతించింది. ఆమె జాతరనాడు తాడు పట్టి, తేనె తిని, పెంటవారిని అడిగారు. పెంటవారు గుంపుగా కూర్చొని సాయంత్రం దాకా మాట్లాడుకొని వద్దన్నారు. ఆమె ఎందుకని అడిగి, చెప్పింది విని, సరేనన్నారు. మరునాడు తన సిబ్బందితో వచ్చి, పాతిన రాళ్ళన్నింటినీ దగ్గరుండి పెకలించి తీసుకొనిపోయారు. ఆ గుంతల్లో పెంట పిల్లలు వెదురు గింజలు వేశారు. పొద ఇప్పుడు మనిషిని మించి ఎదిగింది.

పిల్లలకు పేరు పెట్టదలచినవారు, పుట్టింటితో మాటలు తెగినవారు, హద్దు తగవులతో అలసినవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. ప్రసాదం గాడిలోని తేనె, ఒక్క బొట్టు. డబ్బులు, బంగారం అమ్మవారికి ఇవ్వరాదు. మేనత్తలు తమ మేనకోడళ్ళను ఎత్తుకొని వస్తే, పెంటలోని పెద్దామె ఆ తేనె తానే తీసి బిడ్డ నాలుకకు రాస్తుంది.

భక్తులకు ఒక మనవి. కొండ పాదాన నిలబడి మీరు వచ్చిన పని చెప్పిన తరువాత, ఒక్కొక్కసారి చాలాసేపటి దాకా పిలుపు రాదు. పైన ఎవరికో కాన్పు కావచ్చు, ఎవరో పోయి ఉండవచ్చు, లేదా అది పెంటవారు ఎవరినీ చూడదలచని రోజు కావచ్చు. తొందరపడి ఎక్కవద్దు, కారణం అడగవద్దు. నీడన కూర్చోండి. "ఇయ్యాల కాదు" అని వినబడితే దండం పెట్టుకొని ఇంటికి వెళ్ళి ఇంకోనాడు రండి. ఆ మాట విని, అలగకుండా మళ్ళీ వచ్చినవారి చేతినే పాపమ్మ తల్లి పట్టుకుంటుంది.